వాలిన గోడ, అందిన హెచ్చరిక

మన ప్రాంతం నుంచి వెళ్లి ఇంగ్లాండులోని లెస్టర్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక సోదరుడు ఈ మధ్య మాకు ఫోన్ చేశాడు. సలామ్, క్షేమసమాచారాలు అయ్యాక తన సందేహం చెప్పాడు.

"మౌలానా సాబ్! నా దగ్గర ఒక పాత కారు ఉంది. ఇక్కడి చట్టం ప్రకారం ఏటా చేయించే తనిఖీలో పాసయింది. కానీ కాగితం కింద మూడు సూచనలు రాసిచ్చారు. ముందు ఎడమ టైరు అరిగి హద్దుకు దగ్గరపడిందట. వెనుక బ్రేకు పైపుకు కొద్దిగా తుప్పు పట్టిందట. ఇంజను దగ్గర కొంచెం ఆయిల్ కారుతోందట. వెంటనే బాగుచేయించాలని మాత్రం ఎవరూ అనలేదు. ఊళ్లో చెల్లెలి నికాహ్ దగ్గరపడింది. ప్రతి పౌండూ దాచిపెడుతున్నాను. పాసయిన బండి మీద ఖర్చుపెడితే దుబారా అవుతుందా? ఖర్చుపెట్టకుండా నడిపితే పాపమవుతుందా?"

ఆదివారాల్లో ఇరుగుపొరుగు పిల్లలను ఆ కారులోనే మక్తబ్‌కు తీసుకెళతాడని మాటల మధ్యలో తెలిసింది. ఆ ఒక్క సంగతితో ప్రశ్న బరువు మారిపోయింది.

ఆయనకు ఫోనులో క్లుప్తంగా జవాబు చెప్పాము. అయితే ఇది ఆయన ఒక్కరి ప్రశ్న కాదు. స్కూటరు సర్వీసింగుకు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ, డాక్టరు దగ్గర పరీక్షలు చేయించుకున్న ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మాట ఎదురవుతుంది: "ఇప్పటికి ఫరవాలేదు, కానీ జాగ్రత్త." ఈ 'కానీ' తర్వాత వచ్చే మాటకు షరీఅత్‌లో విలువ ఎంత? దాన్ని ఎప్పుడు అమలుచేయాలి, ఎంతవరకు ఆగవచ్చు? ఇన్షా అల్లాహ్, ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పాసవడం అంటే ఏమిటి?

ఆ సోదరుడు చెప్పిన తనిఖీని బ్రిటన్‌లో ఎం.ఓ.టి. అంటారు. అక్కడి రవాణా మంత్రిత్వ శాఖ పాత ఇంగ్లీషు పేరు నుంచి వచ్చిన మాట అది. 1960లో మొదలైనప్పుడు పదేళ్లు దాటిన వాహనాలకే ఉండేది. ఇప్పుడు ఇంగ్లాండులో మూడేళ్లు నిండిన కారుకు సాధారణంగా ఏటా చేయించాలి. 2018 మే 20 నుంచి లోపాలను ప్రమాదకరమైనవి, పెద్దవి, చిన్నవి అని మూడు తరగతులు చేశారు. మొదటి రెండు తరగతుల్లో ఏది కనిపించినా బండి ఫెయిలవుతుంది. చిన్న లోపమైతే పాసవుతుంది గానీ త్వరగా బాగుచేయించాలి. వీటన్నిటికీ కింద ఉండేది 'సూచన'. అంటే ఈ రోజుకు ఇది లోపం కాదు, రేపు కావచ్చు, కనిపెట్టి ఉండండి అని.

ఇందులో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, పాసవడమంటే ఆ రోజు, ఆ గంటలో, వాళ్లు చూసిన భాగాలు కనీస హద్దులో ఉన్నాయని మాత్రమే. ఇంజను, క్లచ్, గేర్‌బాక్సుల స్థితి ఆ తనిఖీలో చేరదు. రెండు, ఆ సర్టిఫికెట్ జేబులో ఉన్నా, బండి ప్రమాదకరమైన స్థితిలో రోడ్డు మీద దొరికితే 2,500 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు, లైసెన్సు మీద 3 పాయింట్లు పడవచ్చు, నడపకుండా నిషేధం కూడా రావచ్చు. అంటే పాసు కాగితం యజమాని బాధ్యతను తీసేయదని ఆ దేశపు చట్టమే చెబుతోంది.

మన దేశంలో సొంత కారుకు, బైకుకు ఇలా ఏటా తనిఖీ లేదు. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ సమయంలోనే పరీక్ష. ఆటోలు, టాక్సీలు, బస్సులు, లారీల వంటి రవాణా వాహనాలకు మాత్రం ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. కనుక మన ఇళ్లలోని బండ్లకు సూచన ఇచ్చేది మెకానిక్కే. చేతులు తుడుచుకుంటూ "భాయ్, ఇది ఒకసారి చూపించుకోండి" అంటాడు. మనం సరేనంటాం. మలుపు తిరిగేలోపు మరచిపోతాం.

తవక్కుల్ పేరుతో అలసత్వం

"పాసయింది కదా, ఇక అల్లాహ్ మీద భారం" అనేవారు మనలో చాలామంది ఉన్నారు. ఇది తవక్కుల్‌లా కనిపిస్తుంది, కానీ కాదు. ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయాలా, వదిలేసి తవక్కుల్ చేయాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి (తిర్మిజీ) మన పిల్లలకు కూడా తెలుసు. అంతగా వినిపించని మరో మూడు బోధనలను ఇక్కడ జ్ఞాపకం చేసుకుందాం.

రాత్రి పడుకునే ముందు దీపాలు ఆర్పేయమని ఆయన (స) ఆదేశించారు. ఎలుక వత్తిని ఈడ్చుకుపోయి ఇంటివారితో సహా ఇల్లు తగలబెట్టవచ్చని కారణం కూడా తెలిపారు (బుఖారీ). ఎలుక ప్రతి రాత్రీ రాదు. వెయ్యి రాత్రులు రాకపోవచ్చు. కానీ దీపం ఆర్పడానికి ఖర్చేమీ లేదు. ఆర్పకపోతే పోయేది ఇల్లంతా.

అడ్డుగోడ లేని ఇంటికప్పు మీద పడుకున్నవాని విషయంలో రక్షణ బాధ్యత తొలగిపోయిందని హెచ్చరించారు (అబూ దావూద్). పడుకున్నవారంతా పడిపోరు. అయినా ఆ నిర్లక్ష్యమే తప్పు.

మస్జిదులోనో బజారులోనో బాణాలు పట్టుకుని నడిచేవాడు వాటి మొనలను చేత్తో పట్టుకోవాలని, ఏ ముస్లింకూ గాయం కాకూడదని బోధించారు (బుఖారీ, ముస్లిం).

ఈ మూడింటిలోనూ ప్రమాదం ఇంకా జరగలేదు. అయినా షరీఅత్ దాన్ని ముందే చూసింది. మొదటి రెండింటిలో ముప్పు మనకూ మన ఇంటికీ. మూడోదానిలో దారినపోయేవాడికి. వాహనం ఈ మూడో కోవలోకే వస్తుంది. జనం మధ్యకు మనం తీసుకెళ్లే బాణం అది. మొన ఎటు ఉందో చూసుకోవలసింది మోసేవాడే.

ఫుకహా చెప్పిన వాలిన గోడ

మద్రసాల్లో మేమంతా చదివే హనఫీ గ్రంథం 'హిదాయా'. ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మతుల్లాహ్ అలైహ్, మరణం క్రీ.శ. 1197) రచన. అందులో నష్టపరిహారాల ప్రకరణంలో వాలిన గోడ గురించి ఒక చిన్న అధ్యాయం ఉంది. విద్యార్థిగా చదివినప్పుడు అది మాకు పాతకాలపు సంగతిగా తోచింది. ఈ ప్రశ్న వచ్చాక మళ్లీ తెరిచి చూస్తే, అందులో ఉన్నది నేటి సంగతేనని తెలిసింది. దాని సారాంశం ఇది:

ఒకాయన తన స్థలంలో గోడను నిటారుగానే కట్టాడు. కొన్నేళ్లకు అది బజారువైపు వాలింది. ఎవరూ ఏమీ చెప్పకముందే అది కూలి ఎవరైనా చనిపోతే ఆయన మీద పరిహారం లేదు. వాలడం ఆయన చేసిన పని కాదు. కానీ దారినపోయే ఒక మనిషి ఆగి, సాక్షుల ముందు, "నీ గోడ వాలింది, పడగొట్టు" అని అడిగాడు. పడగొట్టడానికి సరిపడా సమయం దొరికింది. అయినా ఆయన ఊరుకున్నాడు. ఆ తర్వాత గోడ కూలితే ప్రాణనష్టానికీ ఆస్తినష్టానికీ పరిహారం వర్తిస్తుంది.

గోడ అదే, వాలు అదే. మారింది ఒక్కటే: ఆయనకు తెలిసింది, తెలిశాక వ్యవధి కూడా దొరికింది.

ఇందులో ధర్మవేత్తలు ఎన్నో సూక్ష్మాలు చెప్పారు. హెచ్చరించే హక్కు ఆ దారిలో నడిచే ప్రతి ఒక్కరికీ ఉంది, స్త్రీ అయినా పురుషుడైనా, ముస్లిం అయినా ముస్లిమేతరుడైనా. హెచ్చరిక ఎవరికి అందాలి? పడగొట్టే అధికారం ఉన్నవాడికి. అద్దెకున్నవాడికి చెబితే చెల్లదు, ఎందుకంటే గోడ అతని చేతిలో లేదు. ఇక వ్యవధి. చెప్పిన వెంటనే కూలీలను వెతకడానికి బయల్దేరాడు, ఈలోగా గోడ కూలింది. అప్పుడు ఆయన బాధ్యుడు కాడు. షరీఅత్ మనిషిని అసాధ్యం అడగలేదు. సాధ్యమైనదాన్ని వాయిదా వేయవద్దంది, అంతే.

తీర్పు వేరు, దీన్ వేరు

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. నిజానికి ఫుకహాయే ఆ సంగతి ఎత్తారు. దారినపోయేవాడు "దీన్ని పడగొట్టు" అనకుండా "పడగొట్టుకుంటే మంచిది" అని మాత్రమే అంటే? అది డిమాండు కాదు, మషవరా అన్నారు. ఆ మాట మీద పరిహారం విధించలేమన్నారు. అయితే తనిఖీదారు రాసిన సూచన కూడా మషవరాయే కదా! లెస్టర్ సోదరుడు ఇక నిశ్చింతగా ఉండవచ్చునా?

ఉండలేడు. మన ధర్మశాస్త్రంలో 'ఖజా', 'దియానత్' అని రెండు స్థాయులున్నాయి. ఖజా అంటే న్యాయమూర్తి ఇచ్చే తీర్పు. ఆయన సాక్ష్యాలనూ పలికిన మాటలనూ చూస్తాడు. దియానత్ అంటే దాసునికీ అల్లాహ్‌కూ మధ్య ఉన్న వ్యవహారం. అక్కడ వాక్యం 'పడగొట్టు' అని ఉందా, 'మంచిది' అని ఉందా అన్నదానితో పని లేదు. విన్నవాని గుండెకు ఏం తెలిసిందన్నదే లెక్క. మనిషి ఎన్ని సాకులు చెప్పినా తనమీద తానే సాక్షి అని ఖుర్ఆన్ సూరతుల్ ఖియామ (75:14-15) తెలుపుతోంది.

హజ్రత్ తమీమ్ దారీ (రజి) ఉల్లేఖించిన హదీసులో దీన్ అంతా నసీహత్ అని చెప్పబడింది (ముస్లిం). నసీహత్ అంటే ఎదుటివాని మేలుకోరి నిష్కల్మషంగా చెప్పే మాట. కారు కింద దూరి, టార్చి వేసి, తుప్పును వేలితో గోకి, "ఇది చూసుకోండి" అని రాసినవాడు తెలిసో తెలియకో ఈ పనే చేశాడు. నసీహత్ చెప్పేవానికి ఒక బాధ్యత ఉన్నట్టే వినేవానికీ ఒకటి ఉంది. విన్నాక విననట్టు ఉండకపోవడమే అది.

కనుక మేము అర్థం చేసుకున్నది ఇది: సూచన అంటే 'ఈ రోజే బాగుచేయించు' అనే ఆజ్ఞ కాదు. కానీ అది 'నాకు తెలియదు' అనే సాకును తీసేస్తుంది. ఆ క్షణం నుంచి ఆలస్యానికి మనం జవాబుదారులం.

మా సొంత గోడ

ఇతరులకు చెప్పేముందు మా తప్పు చెప్పుకోవడం న్యాయం.

2016లో మేము ఒక చిన్న మద్రసా నిర్వహణ చూసేవాళ్లం. చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లలను తెచ్చే పాత వ్యాను ఒకటి ఉండేది. షాబాన్ నెలలో సర్వీసింగు చేసిన పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచి, "హజ్రత్, బండి నడుస్తుంది. కానీ ఈ బ్రేకు పైపు మీద నాకు నమ్మకం లేదు. నెలలోపు మార్పించండి" అన్నాడు. సరేనన్నాము. ఆ వారమే మద్రసా వార్షిక జలసా. అతియాత్ పెట్టెలో ఉన్న డబ్బు షామియానాకు, మైకులకు, అతిథుల భోజనాలకు అయిపోయింది. రమజాన్‌లో జకాత్ వచ్చింది. కానీ జకాత్ హక్కుదారులైన పేదలకు చెందాల్సిన సొమ్ము. వ్యాను మరమ్మతుకు అది చెల్లదు. ఈ మసలా మాకు బాగా తెలుసు. ఆ తెలివితోనే మేము వాయిదా వేసుకున్నాము. జలసా ఖర్చులో ఒక మైకు తగ్గించి ఉంటే సరిపోయేదన్న సంగతి మాత్రం అప్పుడు గుర్తుకు రాలేదు.

జులైలో మద్రసా తెరిచిన వారం, కాలువ దగ్గర పల్లంలో బ్రేకు పెడలు పూర్తిగా లోపలికి పోయింది. డ్రైవరు గేరు తగ్గించి, బండిని రోడ్డుపక్క కంకర కుప్పకు ఎక్కించి ఆపాడు. అల్లాహ్ దయతో ప్రాణాలు దక్కాయి. ఒక అబ్బాయికి మోచేయి విరిగింది. ఆ చేయి ఇప్పటికీ పూర్తిగా చాపలేడు.

జనం డ్రైవరును తిట్టారు. అతను మూడుసార్లు మాకు గుర్తుచేశాడన్న సంగతి వాళ్లకు తెలియదు. హిదాయాలోని అద్దె మనిషి అతనే, గోడ అతని చేతిలో లేదు. అబ్బాయి తండ్రికి సైకిలు పంక్చర్ల దుకాణం ఉంది. ఆసుపత్రిలో ఆయన మా చేతులు పట్టుకుని, "తఖ్దీర్ మౌలానా, మీరేం చేస్తారు" అన్నాడు. మేము తల వంచుకుని నిలబడ్డాము. అందరూ దాన్ని వినయం అనుకున్నారు.

నెల తర్వాత నిద్ర పట్టక ఆయన దుకాణానికి వెళ్లి జరిగింది చెప్పాము. ముందే హెచ్చరిక అందిందని, మేమే ఆపామని చెప్పాము. ఆయన చాలాసేపు ట్యూబును నీళ్లలో ముంచి చూస్తూ ఉన్నాడు. తర్వాత ఆ పైపు ఎంత అయ్యేదని అడిగాడు. చెప్పాము. "నన్నడిగితే నేనిచ్చేవాణ్ణి" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

తఖ్దీర్ మీద విశ్వాసం మన ఈమాన్‌లో భాగం. జరిగినదాని ముందు దాసుణ్ణి నిలబెట్టే ఊత అది. చేయవలసిన పని చేయనివానికి చాటు కాదు. ఆ తండ్రి నోట అది సబర్. అదే మాటను మేము మౌనంగా వాడుకోవడం ఖియానత్.

తూచుకోవడానికి మూడు ప్రశ్నలు

సూచన అందినప్పుడు ఎప్పుడు కదలాలి? మూడు ప్రశ్నలు వేసుకుంటే దారి కనిపిస్తుందని మా అభిప్రాయం.

మొదటిది: గోడ ఎవరి మీద పడుతుంది? నష్టం మన జేబుకే అయితే కొంత ఆగే స్వేచ్ఛ ఉంది. ఇతరుల ప్రాణానికైతే లేదు. వాళ్లు మన పొదుపుకు ఒప్పుకోలేదు. హాని కలిగించరాదు, హానికి హానితో బదులివ్వరాదు అన్న ప్రవక్త (స) బోధ (ఇబ్నె మాజా, ముఅత్తా) ఫిఖహ్‌లో ఒక మూలసూత్రం.

రెండవది: అది చెప్పి వస్తుందా, చెప్పకుండా వస్తుందా? కొన్ని లోపాలు మెల్లగా పెరుగుతాయి, కొలవవచ్చు. కొన్ని ఆఖరి క్షణం దాకా బాగానే ఉండి ఒక్కసారిగా తెగుతాయి.

మూడవది: చెప్పినవాని మాటకు ఎంత బలం ఉంది? మన పండితులు యఖీన్ (నిశ్చయం), గాలిబ్ జన్ (బలమైన అంచనా), షక్ (సందేహం), వహమ్ (ఊహ) అని మెట్లు చెప్పారు. ఆచరణకు నిశ్చయమే అక్కర్లేదు, బలమైన అంచనా చాలు. తెలిసినవాడు కళ్లతో చూసి, లాభం ఆశించకుండా చెప్పిన మాట ఆ స్థాయికి చేరుతుంది.

ఇప్పుడు ఆ సోదరుని మూడు సూచనలను తూచి చూద్దాం.

ఆయిల్ చెమ్మ: బ్రేకుల మీదగానీ వేడి గొట్టం మీదగానీ పడనంతవరకు నష్టం ప్రధానంగా ఇంజనుకు. రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిచి మరక పెరుగుతోందా చూడవచ్చు, వారానికోసారి ఆయిల్ మట్టం చూడవచ్చు. పెరగకపోతే వచ్చే సర్వీసింగు దాకా ఆగినా, ఇన్షా అల్లాహ్, దోషం లేదు. వెంటనే ఖర్చుపెట్టకపోవడం ఇక్కడ నిర్లక్ష్యం కాదు.

టైరు: ఇది మెల్లగా అరుగుతుంది, కొలతకు అందుతుంది. కొత్త కారు టైరు గాడి లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు. బ్రిటన్‌లోనూ మన దేశంలోనూ కార్లకు చట్టం విధించిన కనీసం 1.6 మిల్లీమీటర్లు. ఆ గాళ్ల పని కిందున్న నీటిని బయటికి తోయడం. లోతు తగ్గినకొద్దీ తడిరోడ్డు మీద బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. కనుక దీనికి తారీకు పెట్టుకోవాలి. 'చూద్దాంలే' అనేది తారీకు కాదు. 'ఈ జీతం కాకపోతే వచ్చే జీతం, వానలు ముదిరేలోపు' అనేది తారీకు. అందాకా ప్రతి వారం కొలవాలి, వానలో నెమ్మదిగా వెళ్లాలి.

బ్రేకు పైపు: చలికాలంలో మంచు గడ్డకట్టకుండా అక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది బండి అడుగున చేరి ఇనుమును తింటుంది. పైకి కొద్దిగా తుప్పే. కానీ లోపల ద్రవం మీద అత్యధిక ఒత్తిడి పడేది గట్టిగా బ్రేకు నొక్కినప్పుడు, అంటే ఎదురుగా ఎవరో అడ్డం వచ్చినప్పుడు. తెగితే ఆ క్షణంలోనే తెగుతుంది. కొత్త బండ్లలో బ్రేకులకు రెండు వేర్వేరు మార్గాలు ఉంటాయి కనుక అన్నీ ఒకేసారి పోకపోవచ్చు, అయినా ఆపే బలం బాగా తగ్గుతుంది. ముప్పు పరులకు, రాక చెప్పకుండా, చెప్పినవాడు కళ్లతో చూసినవాడు. మూడు ప్రశ్నలకూ జవాబు ఒకటే. దీన్ని నికాహ్ తర్వాతకు వాయిదా వేయరాదు. ముందు నిపుణునితో లోతుగా చూపించాలి, అవసరమన్నదంతా చేయించాలి. అప్పటిదాకా పిల్లలను ఎక్కించుకోవద్దని ఆయనకు ఫోనులోనే చెప్పాము. ఒక ఆదివారం ఎవరి పిల్లలను వాళ్లు తీసుకెళతారు. అందులో నామోషీ ఏముంది?

ఇంకొక మాట. బాగుచేయించడానికీ ఊరుకోవడానికీ మధ్య చాలా చోటు ఉంది. తక్కువ నడపడం, నెమ్మదిగా నడపడం, బరువు తగ్గించడం, ఒంటరిగా వెళ్లడం, బస్సెక్కడం. డబ్బు లేనివానికి ఇవి కూడా ఒంటెను కట్టే తాళ్లే. చెల్లెలి నికాహ్‌కు సాయపడటం గొప్ప పుణ్యం. విందులో ఒక వంటకం తగ్గితే నికాహ్‌కు లోటు రాదు.

అతి జాగ్రత్త కూడా జబ్బే

ఇక రెండో వైపు. కొందరు ప్రతి సూచననూ ప్రళయంగా భావిస్తారు. బండి కిర్రుమంటే చాలు మెకానిక్ దగ్గరికి పరుగెడతారు. కుటుంబం ఖర్చులు ఆపి బండికి పోస్తారు. ఇది జాగ్రత్త కాదు, వస్‌వసా. నిశ్చయంగా ఉన్నది సందేహంతో తొలగిపోదని ఫిఖహ్ సూత్రం. వుజూ చేసినవాడు కేవలం అనుమానంతో మళ్లీ చేయనక్కర్లేనట్టే, బాగున్న భాగాన్ని కేవలం ఊహతో మార్చనక్కర్లేదు. అనవసరమైన ఖర్చు ఇస్రాఫ్.

ప్రవక్త (స) కాలంలోని రెండు సంఘటనలు ఈ విషయంలో త్రాసు తక్కెడల్లాంటివి. జాతుస్సలాసిల్ దండయాత్రలో చలి తీవ్రంగా ఉన్న రాత్రి హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)కు గుస్ల్ అవసరమైంది. స్నానం చేస్తే ప్రాణం పోతుందేమోనని భయపడి, తమను తాము చంపుకోవద్దన్న ఖుర్ఆన్ ఆజ్ఞ (4:29) ఆధారంగా తయమ్ముమ్ చేసి నమాజ్ చేయించారు. సంగతి విన్న దైవప్రవక్త (స) నవ్వారు, తప్పుపట్టలేదు. మరో ప్రయాణంలో తలకు గాయమైన ఒక వ్యక్తికి సహచరులు తెలియక స్నానం తప్పదన్నారు. అతను స్నానం చేసి మరణించాడు. ఆ సంగతికి ఆయన (స) ఎంతో ఆగ్రహించి, తెలియనితనానికి మందు అడిగి తెలుసుకోవడమేనన్నారు (రెండూ అబూ దావూద్). ప్రాణభయాన్ని లెక్కలోకి తీసుకోవాలని మొదటిది, తెలియకుండా తీర్మానించవద్దని రెండవది నేర్పుతున్నాయి. సూచన అందినప్పుడు భయపడటం ముందు పని కాదు, అడగడం ముందు పని. 'ఇది పోతే ఏమవుతుంది? ఎంతకాలం ఆగవచ్చు? మీ బండే అయితే ఏం చేస్తారు?' అని అడగాలి. సూచించినవాడే మరమ్మతు చేసి డబ్బు తీసుకునేవాడైతే, మరొకరికి చూపించడం అపనమ్మకం కాదు, వివేకం.

ఇక్కడ మన మెకానిక్ సోదరులకు ఒక మనవి. మీ మాట ఒక అమానత్. లేని లోపాన్ని ఉన్నట్టు చెప్పి సంపాదించిన రూపాయి హలాల్ కాదు. అంతేకాదు, మీరు ఒకసారి అబద్ధం చెబితే, రేపు నిజమైన హెచ్చరికను కూడా జనం నమ్మరు. ఆ నమ్మకపోవడంలో ఎవరికైనా హాని జరిగితే అందులో మీకూ వంతు ఉంటుంది.

అమ్మేటప్పుడు

"ఇన్ని తంటాలెందుకు, బండి అమ్మేస్తే పోతుంది కదా" అని ఆ సోదరుడు చివర్లో నవ్వుతూ అన్నాడు. అమ్మవచ్చు. కానీ లోపం తెలిసి చెప్పకుండా అమ్మడం ఒక ముస్లింకు హలాల్ కాదని స్పష్టమైన హదీసు ఉంది (ఇబ్నె మాజా). ధాన్యం రాశిలో చేయిపెట్టి, లోపలి తడి వేళ్లకు తగిలినప్పుడు, ఆ తడిని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని దైవప్రవక్త (స) వర్తకుణ్ణి నిలదీశారు (ముస్లిం). బ్రిటన్‌లో బండి నెంబరు ఉంటే ఎవరైనా పాత తనిఖీల సూచనలు ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. 'ఆయనే చూసుకోవాల్సింది' అనేది కోర్టులో పనికొస్తుందేమో, దియానత్‌లో కాదు.

వాలిన గోడ అధ్యాయంలోనే దీనికి సంబంధించిన ఒక మసలా ఉంది. హెచ్చరిక అందిన యజమాని ఇల్లు అమ్మేసి స్వాధీనం చేస్తే, ఆపైన గోడ కూలినా అమ్మినవాని మీద పరిహారం లేదు. కొన్నవాని మీద కూడా లేదు, అతన్ని కొత్తగా హెచ్చరిస్తే తప్ప. అంటే హెచ్చరిక ఇంటితోపాటు చేతులు మారదు. అది మనిషి నోటితోనే మరొకరికి చేరాలి. మనం నోరు మూసుకుంటే వాలిన గోడ అలాగే ఉంటుంది, కింద జనం నడుస్తూనే ఉంటారు, సంగతి తెలిసినవాడు మాత్రం ఒక్కడూ ఉండడు.

మన కాగితం మీద రాసినవి

సోదర సోదరీమణులారా! ఈ లోకంలో మనలో చాలామంది పాసయినట్టే కనిపిస్తాం. నమాజ్ ఉంది, రోజా ఉంది, నలుగురిలో పేరుంది. కానీ కాగితం కింద చిన్న అక్షరాల్లో కొన్ని సూచనలు ఉంటాయి. భార్య చాలాసార్లు చెప్పిన కోపం. తల్లి ఎదురుచూసే ఫోను. తీర్చగలిగీ తీర్చని అప్పు. ఏదీ ఈ రోజుకు పెద్ద లోపం కాదు. చిన్నవని తోసిపుచ్చే పాపాల విషయంలో జాగ్రత్తపడమని, ఒక లోయలో దిగిన జనం తలా ఒక పుల్ల తెచ్చి రొట్టెలు కాల్చుకున్నట్టు అవి కూడి మనిషిని నాశనం చేస్తాయని ఆయన (స) పోల్చి చెప్పారు (ముస్నద్ అహ్మద్). మనకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వ్యవధి కూడా దొరికే ఉంది.

లెస్టర్ సోదరుడు పది రోజుల తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. పైపు విప్పి చూస్తే క్లిప్పు కింద తుప్పు కంటికి కనిపించినదానికంటే ఎక్కువే ఉందట, మార్పించాడు. టైరుకు తారీకు పెట్టుకున్నాడు. ఆయిల్ మరక పెరగలేదట. పిల్లలు మళ్లీ ఆ కారులోనే మక్తబ్‌కు వెళుతున్నారు.

అల్లాహ్ మనకు నసీహత్ వినే చెవులను, విన్నదాన్ని సకాలంలో చేసే తౌఫీఖ్‌ను ప్రసాదించుగాక. మన నిర్లక్ష్యం వల్ల గాయపడినవారి ముందు నిజం ఒప్పుకునే ధైర్యాన్ని ఇచ్చుగాక. మన చేతుల ద్వారా, మన వాహనాల ద్వారా ఎవరికీ హాని కలగకుండా కాపాడుగాక. ఆమీన్.